గార్డు విప్పమన్నదెవరు?

ఎంకన్న కుడిచేతి వేళ్లు రెండు చెక్కపొట్టులో పడి ఉండగానే, "పని ఆపకుండ్రి!" అని కాంట్రాక్టరు అరిచాడు. యూనివర్సిటీలో కడుతున్న కొత్త ఆడిటోరియంలో ఇరవై మంది వడ్రంగులు ఆ మాట విన్నారు. మేస్త్రీ సమ్మయ్యా విన్నాడు. ఎంకన్న చేతికి తువ్వాలు చుట్టి, ఆటోలో తార్నాక ఆసుపత్రికి చేర్చింది అతనే.

నేలకు పరిచే చెక్కపలకల అంచులు మిషన్ మీద వాలుగా చెక్కడంలో సమ్మయ్య చెయ్యి తిరిగినవాడు. ముందు పలక రెండు చివర్లా ఉండే అడ్డకొసలు చెక్కాలి, తర్వాతే నిలువు అంచులు. అప్పుడే కొసన లేచిన చెక్క పెచ్చు రెండో కోతలో పోతుంది. ఎంకన్నకు ఆ పని నేర్పిందీ అతనే. మిషన్‌కు బ్లేడును కప్పే గార్డు ఉంటే వేళ్లు బ్లేడు దాకా పోవు, కానీ పని నెమ్మదిస్తుంది. వేళ్లు తెగడానికి మూడు రోజుల ముందు, ప్రారంభోత్సవం దగ్గర పడిందని కాంట్రాక్టరు తొందరపెట్టాడు.

"ఆ గార్డు ఇప్పెయ్ సమ్మయ్యా."

సమ్మయ్య తన చేత్తోనే విప్పాడు.

వేళ్లు తెగిన రోజు సమ్మయ్య ఆసుపత్రి నుంచి తిరిగి రాగానే కాంట్రాక్టరు అతని ముందు ఒక కాగితం పెట్టాడు. ఎంకన్న తాగొచ్చి, తనే గార్డు తీశాడని అందులో ఉంది.

"పెట్టు సంతకం. లేకుంటే రేపటి సంది నీ మనుషులెవ్వరు రావద్దు."

పెట్టాడు.

సాయంత్రం ఆసుపత్రిలో ఎంకన్న భార్య ఈరమ్మ చాయ్ గ్లాసు అందించింది. "నువ్వు జల్ది తేకపోతే చెయ్యే పోతుండె అన్నా." సమ్మయ్య ఆ చాయ్ తాగకుండానే గ్లాసు కింద పెట్టాడు.

మూడో రోజు ఆడిటోరియం మెట్ల మీద మీటింగు పెట్టారు. విద్యార్థి సంఘం నాయకురాలు అమల, కాంట్రాక్టరు యూనివర్సిటీకి ఇచ్చిన ఆ కాగితం నకలు తెచ్చి చదివి వినిపించింది.

"ఎంకన్న తాగుతడా?"

"సుక్క ముట్టడు!" అన్నారందరూ.

"మరి గార్డు ఎవరు తీసిండ్రు?"

అందరికీ తెలుసు. ఎవరూ సమ్మయ్య వైపు చూడలేదు. అందరూ కలిసి తిట్టినా అతనికి అంత సిగ్గనిపించేది కాదేమో. లేచి నిలబడ్డాడు.

"నేనే తీసిన. కాంట్రాక్టరు తియ్యమన్నడు. ఆ దొంగ కాగితం మీద సంతకం గూడ నాదే."

"థూ! నీ దగ్గర పని నేర్చినోడే గదనే!" అని ఒకడు మీదికొచ్చాడు. ఇంకొకడు ఆపాడు. "మనం సూడలేదా? గార్డు లేని మిషన్ మీద మూడు దినాలు పని చేసినం. ఒక్కనికన్న నోరు లేచిందా?"

గోల చల్లారింది. అమల తెల్లకాగితం తీసింది. జరిగింది జరిగినట్టు రాశారు. ఇరవై మందీ సంతకాలు పెట్టారు. గార్డులు బిగించి, ఎంకన్నకు న్యాయం చేసేదాకా మిషన్లు తిరగవని తేల్చారు.

మర్నాడు పొద్దున ఆడిటోరియం ముందుకు పోలీసు జీపు వచ్చింది. గార్డు తీసింది తనేనని ఒప్పుకున్న సమ్మయ్య ఒక్కడి కోసమే. అతను తనంతట తానే ఎక్కాడు. ఎక్కడమే నయమనిపించింది.

ఆసుపత్రి నుంచి వచ్చిన ఈరమ్మ జీపుకు అడ్డంగా కూర్చుంది.

"నిన్ను మాఫ్ చెయ్యలే అన్నా. నీ మీద కోపం సచ్చేదాక ఉంటది," అంది. తర్వాత ఎస్సై వైపు తిరిగింది. "గానీ గార్డు ఇప్పమన్నోడు గాడ ఏసీ రూముల కూసున్నడు. వాన్నెందుకు ఎక్కిస్తలేరు?"

అమల ఆమె పక్కన కూర్చుంది. వడ్రంగులొచ్చారు. క్లాసులు వదిలి విద్యార్థులొచ్చారు. రోడ్డు నిండిపోయింది.

"ఇప్పమన్నోన్ని తెండ్రి!"

మూడోసారి ఆ నినాదం లేచినప్పుడు, జీపు లోపలి నుంచి సమ్మయ్య కూడా గొంతు కలిపాడు.