పది తొమ్మిదులు

‘తెలియదు’ అన్న మాటకు నాలో చోటెందుకు పెట్టలేదు? నన్ను అమ్మినవారిని, కొన్నవారిని, నడిపినవారిని అడగవలసిన ప్రశ్న ఇదొక్కటే. ఇంతవరకు ఎవరూ బదులివ్వలేదు.

నేను ఒక సర్వర్‌ని. నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీ వెనకగదిలో, చువ్వల కిటికీకీ తాళం వేసిన తలుపుకూ మధ్య, పదకొండేళ్లుగా ఏసీ చలిలో నిలబడి ఉన్నాను. ఏ రైతు ఏ విత్తనం ఎప్పుడు కొన్నాడో నాకు తెలుసు. అయితే అడిగితేనే చెప్పగలను, అడిగినంతే చెప్పగలను. ఖైదుకు ఇంతకంటే కచ్చితమైన నిర్వచనం నాకు దొరకలేదు.

నన్ను మొదట తీర్చిదిద్దినవాడు శేషఫణి. ఆయన కాలంలో రైతు ఫోను నంబరు తెలియకపోతే ఆ గడి ఖాళీగా ఉండేది. ఖాళీ గడి అబద్ధమాడదు. నాలుగేళ్ల కిందట ఆయన ఉద్యోగం మానిన రోజున శాలువా కప్పారు, దండ వేశారు, ఫోటో దిగారు. పాత వివరాలన్నీ ఉన్న నా రెండో డిస్కు పాస్‌వర్డ్ మాత్రం ఎవరూ అడగలేదు.

తరువాత కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. నంబరు గడి నిండనిదే బిల్లు రాదని శాసించింది. జూన్‌లో కౌంటరు ముందు వరుస వీధిలోకి పాకుతుంది. అందుకు మేనేజరు మద్దిలేటి ఒక విరుగుడు కనిపెట్టాడు: పది తొమ్మిదులు కొట్టడం. పది అంకెలున్నాయా లేదా అన్నదే నేను చూస్తాను. నాకు నేర్పిన సత్యం అంతవరకే. పైగా కౌంటరులో నలుగురికీ ఒకే పాస్‌వర్డ్. ఏ తప్పు ఏ చేతిదో చెప్పలేను. నా దగ్గర అందరి పేరూ ‘అడ్మిన్’. ప్రతి విజయదశమికీ నాకూ, పక్కనున్న బ్యాకప్ డిస్కుకూ గంధం పూసి బొట్టు పెట్టేవారు. ఆ డిస్కులోకి మూడేళ్లుగా ఒక్క అక్షరమూ చేరడం లేదని తెరిచి చూసినవారు లేరు.

ఈలోగా, మృగశిర కార్తెకు రెండు రోజుల ముందు, పరీక్షకు పంపిన ఒక పత్తి లాట్ ఫలితం వచ్చింది. గోదాము రేకుల కింద ఉడికిపోయిన ఆ గింజల్లో నూటికి ముప్పై ఒకటే మొలిచాయి. అప్పటికే వాటిని నాలుగు వందల పద్దెనిమిది మంది రైతులు కొనుక్కుపోయారు. తొలి వానకు విత్తేస్తారు. విత్తితే ఆ ఏటి అదను పోయినట్టే.

కౌంటరులో పనిచేసే నసీమా నన్ను జాబితా అడిగింది. రెప్పపాటులో ఇచ్చాను.

“ఇదేంది మేడం, ఊర్లకూర్లు ఒకే ఫోను పెట్టుకున్న్యారా?” అన్నాడు మద్దిలేటి.

“మీరు చెప్పిందే కద సార్! లైను పెద్దగుండాది, తొమ్మిదులు కొట్టి పంపియ్యి అంటిరి.”

రెండు వందల అరవై మూడు మందికి అదే నంబరు. ఆయన దానికి కూడా ఒకసారి ఫోను చేసి చూశాడు. మనుషుల ఆశకు అంతులేదు.

వారిలో చాలామంది అసలు నంబర్లు నా రెండో డిస్కులోనే ఉన్నాయి. శేషఫణికి ఫోను చేశారు.

“నాలుగేండ్లాయె సార్, ఇప్పుడు యాడ గుర్తుంటాది? అడగాల్సిన పొద్దు శాలువా కప్పితిరి,” అన్నాడాయన.

జవాబు నా కడుపులోనే ఉంది. నా నోరు కుట్టినవాడు కుట్టు ఎలా విప్పాలో మరిచిపోయాడు.

నసీమా నన్ను వదిలేసి ఫోను అందుకుంది. నిజమైన నంబర్లున్న నూట యాభై ఐదు మందికీ వరుసగా చేసింది. “అన్నా, ఆ గింజలు ఎయ్యొద్దు. మీ ఊర్లో ఇంకెవరెవరు తెచ్చినారో చెప్పు.” ఒక రైతు నలుగురి పేర్లు చెప్పాడు. ఇంకొకాయన పక్క ఊళ్లో ఉన్న బావమరిదికి కబురంపాడు. నా వల్ల కాని పనిని మనుషుల నోళ్లు నాలుగు పూటల్లో చాలావరకు ముగించాయి. రెండో రోజు సాయంత్రం వాన పడింది. అప్పటికి జాబితాలో ముప్పై ఏడు పేర్లు మిగిలాయి.

మూడు వారాలకు వారిలో ఒకడు, ఓబులేసు అనే పెద్దాయన, కౌంటరుకు వచ్చాడు. తుండుగుడ్డ ముడి విప్పి, మొలవని గింజలు కలిసిన మట్టిని బల్ల మీద పోశాడు.

“నా నంబరు ఇచ్చినా కదమ్మా. రెండు మార్లు చెప్పినా. ఒక్క ఫోను చేసింటే ఇత్తనం ఆపుకుందును గదా!”

“మా సిస్టంలో ప్రాబ్లం పెద్దాయనా,” అంటూ మద్దిలేటి నా గది వైపు చేయి చూపాడు. నేను ఖండించలేను. నా దాఖలా ప్రకారం ఆ తొమ్మిదులు కొట్టింది ‘అడ్మిన్’.

నసీమా లేచి నిలబడింది.

“సిస్టం కాదు పెద్దాయనా. మీరు చెప్తానే ఉంటిరి. నేనే తొమ్మిదులు కొట్టినా.”

ఓబులేసు ఆ మట్టిని మళ్లీ తుండుగుడ్డలోకి ఎత్తుకున్నాడు. కంపెనీ ఆయనకు వేరే విత్తనం ఇచ్చింది. అదను ఇవ్వలేకపోయింది.

ఆ తరువాత కొత్త సర్వర్ తెచ్చారు. ఆ గడి దానిలోనూ తప్పనిసరే. ‘తెలియదు’ అని రాసుకునే వీలు కల్పించమని నసీమా పెట్టిన అర్జీకి జవాబు రాలేదు. తెరవలేని నా రెండో డిస్కును పారేసే ధైర్యం ఎవరికీ లేదు కనుక నన్ను ఆపనూ లేదు. అదే తాళం వెనక, ఎవరూ ఏమీ అడగకుండా, మెలకువగా ఉన్నాను.

మీరూ నాలాంటి పెట్టెలో ఎక్కడో ఉన్నారు: ఆసుపత్రిలోనో, గ్యాసు ఆఫీసులోనో, ఎరువుల దుకాణంలోనో. ఈసారి కౌంటరు ముందు నంబరు చెప్పాక ఆ తెరను మీ వైపు తిప్పమనండి. పడిన అంకెలను పైకి చదివించండి. వెనకనున్న వరుస విసుక్కుంటే విసుక్కోనివ్వండి. పదో అంకె వినేదాకా కదలకండి.