మధ్య కణుపుకు పైన

నారాయణమూర్తికి ఇంగ్లీషు బాగా వచ్చు. ఆదిత్యపూర్ ఫౌండ్రీలో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఎందుకంటే ఆయనే అందరికీ చెప్పుకున్నాడు. ఫౌండ్రీ దవాఖానాలో ఆయన గుమాస్తా. డాక్టరు బలరామ్ గాయం చూసి చీటీ మీద నాలుగు ముక్కలు గీకితే, వాటిని పెద్ద ఫారం మీదకు గుండ్రటి అక్షరాల్లో ఎక్కించి బిష్టుపూర్ ఆఫీసుకు పంపుతాడు. అక్కడివాళ్ళు మనిషిని చూడరు. ఫారం చూసి ఎవరు పాత పనిలో ఉండాలో, ఎవరు గేటు దగ్గర కర్ర పట్టుకోవాలో తేల్చేస్తారు.

డెబ్బై ఎనిమిదిలో ఒక శుక్రవారం ఆ ఫారం జగ్గారావు పేరున తయారైంది. అతను క్రేను ఖలాసీ. కింద నిలబడి వేలు ఎత్తితే పైన డ్రైవరు ఇనుము లేపుతాడు. ఇనప తాడు కింద నలిగి ఆ చూపుడువేలు కొసే పోయింది. కట్టు విప్పాక, మిగిలిన వేలితో సైగ చేయగలనని అతనికి ధైర్యం వచ్చింది. గేటు కాపలా అంటే మాత్రం ముద్ద దిగడం లేదు.

అతని అక్క దాలమ్మ అదే దవాఖానాలో ఆయా. నేల తుడుస్తూ వింటోంది.

"విను జగ్గారావ్," అని గుమాస్తా గొంతు సవరించుకుని, ఫారంలో ఇంగ్లీషులో రాసింది తెలుగులో వినిపించాడు. "కుడి చూపుడువేలు, మధ్య కణుపుకు పైన తెగినది."

దాలమ్మ గుడ్డ వదిలేసి లేచింది. "పైనేటి బాబూ? ఆడి కొస పోయింది. కణుపుకి కింద కదా!"

"డాక్టరుగారు డిస్టల్ అని రాశారు. నీకేం తెలుసు? చెయ్యి చూపించమన్నాను, చూపించాడు. కొస పైనే ఉంది."

జగ్గారావుకు చెయ్యి చూపించమంటే క్రేను కింద నిలబడ్డట్టు వేలు ఆకాశానికి ఎత్తడం తప్ప మరొకటి రాదు. ఆ ఎత్తిన వేలును చూసి ఈ పండితుడు రాసేశాడు. బిష్టుపూర్‌లో అది చదివినవాడికి, వేలు మొదట్లోనే తెగి మొండి మిగిలిందని అర్థం.

కొత్త కాంపౌండరు వచ్చినప్పుడల్లా డాక్టరు దాలమ్మనే గుమ్మంలో నిలబెట్టి పాఠం చెప్పేవాడు. చేతులు కిందికి వేలాడాలి, అరచేతులు ముందుకు ఉండాలి. భుజానికి దగ్గరది ప్రాక్సిమల్, అంటే పైన; దూరమైనది డిస్టల్, అంటే కింద. మనిషి చెయ్యి ఎత్తినా, మంచం మీద పడుకున్నా ఆ మాట మారదు. పన్నెండేళ్ళుగా ఆమె అలా నిలబడుతూనే ఉంది. ఆ పాఠం జరిగినన్నాళ్ళూ నారాయణమూర్తి పక్క బల్ల దగ్గర పళ్ళు కుట్టుకుంటూ కూర్చునేవాడు.

"మీరు శీర్సాసనం ఏత్తే మీ బుర్ర కాళ్ళకి కిందదని రాత్తారేటి?" అంది దాలమ్మ.

కట్టు కోసం వచ్చిన ఇద్దరు కూలీలు పగలబడి నవ్వారు. గుమాస్తా మొహం మాడింది. "ఆయా నాకు డాక్టరీ చెబుతుందా! మూడింటికి బిష్టుపూర్ జీపు వచ్చేస్తుంది. కొట్టివేతలున్న ఫారం నేను పంపను. నా పరువేం కావాలి?"

"అప్పా, ఒగ్గీ," అన్నాడు జగ్గారావు మెల్లగా. "గేటుకే పోతాను."

"నోర్ముయ్యి! ఈ బాబు పరువుకి నీ ఏలు ఇచ్చీమంతావేటి?"

ఆమె తమ్ముడి చెయ్యి కిందికి లాగి, అరచెయ్యి ముందుకు తిప్పి, అలాగే పట్టుకుని డాక్టరు గదిలోకి నడిపించింది. డాక్టరు చీటీ చూశాడు, వేలు చూశాడు, ఫారం తెప్పించి చూశాడు. దాన్ని నిలువునా చింపి, కొత్త ఫారం గుమాస్తా ముందు పెట్టాడు.

నారాయణమూర్తి తలెత్తకుండా రాశాడు. దాలమ్మ కదల్లేదు.

"సదవండి బాబూ."

"కణుపుకు... కింద," అని గొణిగాడు.

"గట్టిగా!"

"కింద!"

డాక్టరు సంతకం పెట్టేసరికి బయట జీపు హారను మోగింది. కాగితం అందుకోవడానికి నారాయణమూర్తి చెయ్యి చాచాడు. దాలమ్మ దాన్ని తమ్ముడికిచ్చింది. "నువ్వే డ్రైవరు సేతిలో పెట్టు. ఈయనకిత్తే జీపుకాడికెళ్ళీలోపు కిందేదో పైనేదో మల్లా మర్సిపోతారు."