ఈశాన్యంలో పూసిన పువ్వు

అద్దానికి పట్టిన పాచి తుడుద్దామని శాంభవి కొంగు బొడ్లో దోపుకుని, చేపల ట్యాంకులో భుజం దాకా చెయ్యి పెట్టింది. ఉప్పుగా, గోరువెచ్చగా, ఎవరో పుక్కిలించి ఉమ్మినట్టు ఉంటాయా నీళ్లు. రాళ్ల సందులో వేలికి మెత్తగా, జారుగా ఏదో తగిలింది. చటుక్కున చెయ్యి లాక్కుని వంగి చూసింది. గోధుమ రంగు గొట్టమొకటి లోపలికి ముడుచుకుపోయి, కాసేపటికి నెమ్మదిగా బయటికొచ్చి, తల చుట్టూ సన్నటి వేళ్లు విప్పుకుని ఊగడం మొదలుపెట్టింది.

అప్పుడే పూజ ముగించి హారతి పళ్లెంతో వచ్చిన అత్తగారు కనకవల్లి అది చూసి మురిసిపోయింది. సముద్రపు పువ్వట, ఈశాన్యంలో పూసిందట, ఇంటికి మంచిదట. కొడుకు రాఘవని పిలిచింది, భర్తని పిలిచింది, అందరూ చూస్తుండగా అద్దం మీద, సరిగ్గా ఆ పువ్వుకి ఎదురుగా, కుంకుమ బొట్టు పెట్టింది. శాంభవి ఎమ్మెస్సీ జువాలజీ చదివిన మనిషి. అది పువ్వు కాదనీ, సీ ఎనిమోన్ అనే జంతువనీ, రాళ్లతోపాటు దొంగతనంగా వచ్చిన చీడ జాతనీ, ఇప్పుడే చంపకపోతే ట్యాంకంతా అల్లుకుంటుందనీ చెప్పింది. రాఘవ నవ్వాడు. నీకు ఏది చూసినా చీడలాగే కనిపిస్తుంది, అమ్మ నాలుగు నిమిషాలు సంతోషంగా ఉంటే చూడలేవు అన్నాడు. బొట్టు చెరగకుండా అద్దం తుడవడం ఆ రోజు నుంచీ శాంభవి పనుల్లో చేరింది.

అసలు ఆ ట్యాంకు ఆ ఇంటికి రావడమే ఒక వైభవం. ఈశాన్యంలో నీళ్లుండాలని వాస్తు ఆయన చెప్పాడు. అయితే ఓ గాజు గిన్నెలో రెండు చేపలు వేస్తే సరిపోయేది. కానీ రాఘవ పై ఆఫీసరు వెంకటకృష్ణారావుగారింట్లో మామూలు చేపల ట్యాంకు ఉంది కాబట్టి, రాఘవ పటమట ఇంట్లో సముద్రమే ఉండాలి. మద్రాసు నుంచి ఉప్పు, రాళ్లు, పగడాల మొక్కల్లాంటి జీవాలు, నారింజ రంగు చేపల జంట, అన్నీ రైల్లో దిగాయి. పేరు రాఘవది, చాకిరీ శాంభవిది. మినరల్ వాటర్ క్యాన్లు వంచి ఉప్పు కలపాలి, పాత నీళ్లు తోడి పోయాలి, కరెంటు పోతే చేపలకి గాలి ఆడేలా చెంబుతో నీళ్లు తీసి పైనుంచి పోస్తూ నిలబడాలి. వేసవిలో కరెంటు ఎన్నిసార్లు పోతుందో విజయవాడలో ఎవర్నడిగినా చెప్తారు. పనిమనిషి రావమ్మ ఆ బక్కెట్టు తాను ముట్టనని మొదటి రోజే తేల్చి చెప్పేసింది. రావమ్మకి కుదిరింది.

అన్నిటికంటే రోత ఆ మేత. నీచు గాలి కూడా సోకని ఇల్లది. అందుకని ఎవరూ దాన్ని రొయ్యలనరు, ‘ఆ మేత’ అంటారు. ఫ్రిజ్‌లో అడుగు అరలో, డబ్బాలో డబ్బా పెట్టి, దాన్ని కవర్లో చుట్టి దాచేవారు. శాంభవి పెరట్లో దాన్ని ముక్కలు చేసి వేసి, తలస్నానం చేసి, అప్పుడు మడిగా వంటింట్లోకి రావాలి. మామగారు శ్రీరామచంద్రమూర్తి, వంటిల్లు నీచు వాసనేస్తోందేమోనని రోజూ గుమ్మంలో నిలబడి ముక్కు ఎగబీల్చేవారు. ఆ వాసన వంటింట్లో లేదు, ఆమె గోళ్లలో ఉంది. ఎంత తోమినా పోయేది కాదు. అన్నం కలుపుకుని ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకునేసరికి గుప్పుమనేది. చుట్టాలొచ్చినప్పుడు రాఘవ గుప్పెళ్లకొద్దీ మేత తనే వేసి, చేపలు ఎగబడటం చూపించి చప్పట్లు కొట్టించుకునేవాడు. మిగిలిందంతా రాళ్ల మధ్యకి జారి కుళ్లేది. ఆ కుళ్లు తిని పువ్వు బలిసింది.

బలిసి పిల్లలు పెట్టింది. ప్రతి రాతి పగుల్లోంచీ ఒక గోధుమ రంగు నోరు తెరుచుకుంది. పక్కనున్న పగడాలని కాటేసి ముడుచుకుపోయేలా చేసింది. ఒక పొద్దున నారింజ చేపల్లో ఒకటి ఆ వేళ్ల మధ్య సగమే మిగిలి కనిపించింది. అప్పుడు గానీ అది చీడని ఆ ఇంట్లో ఒప్పుకోలేదు. ఒప్పుకున్న మరుక్షణం అది శాంభవి తప్పయింది. సరిగ్గా కడిగి ఉంటే వచ్చేదా అంది కనకవల్లి, బొట్టు తుడిచేస్తూ.

సరిగ్గా ఆ రోజుల్లోనే మైలవరం ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఆమెకి కాంట్రాక్టు లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. పెళ్లయ్యాక మానిపించిన పని. మళ్లీ సుద్దముక్క పట్టుకుని బోర్డు మీద బొమ్మలు వేయడం తలుచుకుంటేనే ఆమెకి ఒళ్లు తేలికయ్యేది. పదిహేను రోజుల్లో, సోమవారంనాడు చేరాలి. చేరకపోతే తర్వాతి పేరు వాళ్లని పిలుస్తారు. రాఘవ వద్దనలేదు. వద్దనడం ఆయన పద్ధతి కాదు. “ఆ ముందు రోజు ఆదివారం మా సార్‌వాళ్లు భోజనానికి వస్తున్నారు. అప్పటికి ట్యాంకులో ఈ దరిద్రం ఒక్కటి కూడా కనపడకూడదు. అది వదలనీ, తర్వాత నీ మైలవరం సంగతి చూద్దాం” అన్నాడు.

సరే అనుకుంది శాంభవి. వాటిని ఎలా చంపాలో ఆమెకి తెలుసు. నెట్ సెంటర్లో కూర్చుని చదివింది కూడా. గీకకూడదు, కోయకూడదు. తెగిన ప్రతి ముక్కా ఇంకో జంతువవుతుంది. సున్నం పల్చగా కలిపి, సిరంజితో ఒక్కొక్కదాని నోట్లోకి మెల్లగా వదలాలి. మామగారి తాంబూలం పళ్లెంలో సున్నం ఉండనే ఉంది. మందుల షాపులో సిరంజి దొరికింది. రాఘవని పక్కన కూర్చోబెట్టుకుని, గీకొద్దు, ముట్టుకోవద్దు అని చిన్నపిల్లాడికి చెప్పినట్టు మళ్లీ మళ్లీ చెప్పింది.

కానీ చంపడానికి రోజేది? ఈ సంగతి నెట్‌లో రాయలేదు. శుక్రవారం ఇంట్లో జీవహింస ఏమిటంది అత్తగారు. శనివారం వెంకటేశ్వరస్వామిది, సోమవారం శివుడిది, మంగళవారం అచ్చిరాదు. గురువారం బాబాదని మామగారు పేపరు దించి అందించారు. బుధ, ఆదివారాలు మిగిలాయి. మధ్యలో ఆదివారం అష్టమి, రెండో బుధవారం ఏకాదశి పడ్డాయి. తక్కిన రోజుల్లో అవి ఏ తిథీ చూసుకోకుండా పెరిగాయి.

దొరికిన ఆ ఒక్క బుధవారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా శాంభవి స్టూలు మీద నిలబడింది. సూది దగ్గరికి రాగానే అది మేతేమోనని ఆశగా నోరు తెరిచేది. సున్నం మింగి, మరుక్షణం లోపలున్నదంతా గోధుమరంగు దారాలుగా కక్కి, జిగురు ముద్దయి కూలిపోయేది. ఆ దారాలు ఆమె మణికట్టుకి చుట్టుకునేవి. చెయ్యంతా ఎర్రగా దద్దుర్లు తేలింది. తాను పిల్లలకి చెప్పిన పాఠమే గుర్తొచ్చింది. వీటికి శరీరమంతా కలిపి ఒకటే ద్వారం, తినడానికీ అదే, విసర్జించడానికీ అదే. క్లాసులో ఈ మాట చెప్పినప్పుడు వెనక బెంచీలు నవ్వేవి. ఇప్పుడు ఆమెకి నవ్వు రాలేదు. వెనక గదిలోంచి కాఫీ ఏదని ఒక గొంతు, ఇంకా అవలేదా అని ఒక గొంతు, ఆ చేత్తో పాలు తోడు పెట్టకు, ఆ చేత్తోనే బాత్‌రూమ్ మాత్రం కడిగెయ్యమని ఒక గొంతు. ఇన్నేళ్లుగా ఈ నోళ్లకి వండి పెడుతూ, ఆ నోళ్లలోంచే వచ్చేదాంట్లో బతుకుతున్నానని ఆమెకి అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడలేదు. పెరట్లోకి పోయి భళ్లున వాంతి చేసుకుని, నోరు కడుక్కుని, వచ్చి మళ్లీ సిరంజి పట్టుకుంది. మైలవరం కోసం ఇంతకంటే రోత పనైనా చేసేదే.

ఆదివారం పొద్దున ఇంకా కొన్ని మిగిలాయి. వంట అవగానే వాటి సంగతి చూద్దామనుకుని, శాంభవి వంటింట్లో గారెలు వేస్తోంది. హాల్లోంచి గీకుతున్న చప్పుడు వినిపించి చిల్లుల గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది. రాఘవ పాత టూత్‌బ్రష్షు, స్క్రూడ్రైవరు పట్టుకుని రాళ్లని గిన్నెలు తోమినట్టు తోముతున్నాడు. నీళ్ల నిండా గోధుమరంగు పీలికలు. మోటారు వాటిని లాక్కుని, ప్రతి రాతి సందులోకీ, ప్రతి పగడం మొదట్లోకీ శ్రద్ధగా పంచిపెడుతోంది.

“చూశావా, పది నిమిషాల పని. నువ్వు ఇన్నాళ్లు నానబెట్టావు” అన్నాడాయన చేతులు తుడుచుకుంటూ.

ఆమె చెయ్యి మోటారు స్విచ్చు మీదికి దానంతటదే వెళ్లింది. ఇప్పుడే ఆపేసి, పీలికలు వలతో తోడేసి, నీళ్లు మార్చేస్తే చాలావరకు ఆపొచ్చు.

“ఇక దీన్ని ఇలాగే నిలబెట్టాలంటే మనిషి ఇంట్లో ఉండాలి” అని రాఘవ ప్రేమగానే అన్నాడు. “మైలవరానికి ఈ యేడు కుదరదని చెప్పెయ్. వచ్చే యేడు చూద్దాం.”

మురికైతే కడగడానికి ఉండాలి. శుభ్రమైతే శుభ్రంగా ఉంచడానికి ఉండాలి. శాంభవి స్విచ్చు మీంచి చెయ్యి తీసేసింది. లోపలికి వెళ్లి, మాడబోతున్న గారెని తిరగేసింది.

మధ్యాహ్నానికి నీళ్లు తేరుకున్నాయి, రాళ్లు తళతళలాడాయి. వెంకటకృష్ణారావుగారు ట్యాంకు ముందు నిలబడి, నీకు ఎంత ఓపికయ్యా రాఘవా అని మెచ్చుకున్నారు. ఏముంది సార్, హాబీ అన్నాడు రాఘవ. భోజనాల దగ్గర ఆయన భార్య, వడ్డిస్తున్న శాంభవి చేతి మీది దద్దుర్లు చూసి అయ్యో అని, మీరేం చేస్తుంటారమ్మా అని అడిగింది.

“ఏం చేస్తుందండీ, ఇంట్లో ఖాళీగానే ఉంటుంది” అంది కనకవల్లి.

శాంభవి నెయ్యి గిన్నె కింద పెట్టింది. “రేపు మైలవరం కాలేజీలో జువాలజీ లెక్చరర్‌గా చేరుతున్నానండీ” అంది.

పై ఆఫీసరు భేష్ అన్నాడు. ఇలాంటి భార్య దొరకడం అదృష్టమని రాఘవ వీపు తట్టాడు. రాఘవ నవ్వక తప్పలేదు. వాళ్లు వెళ్లాక ఇంట్లో ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దంలో ఆమెకి ఎన్నాళ్ల తర్వాతో హాయిగా నిద్రపట్టింది.

సోమవారం పొద్దున ఇస్త్రీ చీర కట్టుకుని, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని హాల్లోకి వచ్చింది. గోళ్లు మొదలంటా కత్తిరించుకుంది. సిరంజినీ, సున్నం కలిపిన గిన్నెనూ ట్యాంకు పక్కన, రాఘవ పేపరు మీద పెట్టింది. అద్దం దగ్గర వంగి చూసింది. అడుగున్న ఇసకలో, రాళ్ల మీద, ఎక్కడ పడితే అక్కడ, ఆవగింజల్లా గోధుమరంగు చుక్కలు అప్పుడే పట్టుకుని కూర్చున్నాయి. తెలియని కళ్లకి అవి కనిపించవు.

కనకవల్లి హారతి పళ్లెంతో వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నిజంగానే పోతున్నావా, మరి దీని సంగతేమిటని ట్యాంకు వైపు చూపించింది.

శాంభవి చెప్పులేసుకుంది.

“నెల తిరక్కుండా దీన్నిండా పువ్వులు పూస్తాయి అత్తయ్యగారూ. కుంకుమ భరిణె దగ్గర పెట్టుకోండి” అని, పక్కకి తప్పుకుని, బస్టాండుకి నడిచింది.