ఆవుకు పెట్టకూడని గడ్డి

మా ఇంట్లో మొండితనానికి పోటీ పెడితే మొదటి బహుమతి మా తోడికోడలు పుష్పవతక్కదే. రెండోది ఆవిడ భర్త, మా బావగారు భవానీప్రసాద్‌ది. నేను చిన్న కోడలిని, నోరెక్కువ మనిషిని. నన్నెవరూ పోటీకి పిలవలేదు.

జగ్గయ్యపేట బయట మా వాగొడ్డు చేను ఒకప్పుడు మిర్చికి పెట్టింది పేరు. ఎగువన ఓ రంగుల ఫ్యాక్టరీ వెలిసి, ఏళ్ళ తరబడి మురుగంతా వాగులోకి వదిలి, ఆనక మూతబడింది. విషం మాత్రం మా మట్టిలో మిగిలింది. పరీక్ష చేయిస్తే సీసం తేలింది. మనుషులు తినేదిగానీ పశువులు తినేదిగానీ ఆ చేలో వేయొద్దన్నారు. ముక్త్యాల రోడ్డులో క్వారీ నడిపే తిరుపతిరావు వచ్చి, చేను అమ్మితే రాళ్ళచెత్త పోసుకుంటానన్నాడు. బావగారు సరేనన్నారు.

అక్క ఒప్పుకోలేదు. వ్యవసాయ కాలేజీలో పనిచేసే మైథిలిగారి దగ్గరికెళ్ళి నేపియర్ గడ్డి సంగతి కనుక్కొచ్చింది. అలాంటి నేలలోనూ అది ఏపుగా పెరుగుతుందట. ఎండబెట్టి ఇస్తే నందిగామ దగ్గర కరెంటు తీసే చిన్న ప్లాంటువాళ్ళు బాయిలర్లో కాల్చుకుని, బూడిదను జాగ్రత్తగా విడిగా పూడ్చేస్తారట. బావగారు ఒక్క పంటకు గడువిచ్చారు. మొదటి లోడు వెనక్కి వస్తే చేను తిరుపతిరావుదే. గడ్డి అమ్మి మేడలు కడతావు కాబోలని ఎకసెక్కం కూడా ఆడారు.

గడ్డి మనిషిని దాటి ఎదిగింది. మిర్చి మాడిపోయిన చోట అంత పచ్చదనం చూసి నాకు ఏడుపొచ్చింది. ఎకసెక్కమాడిన బావగారైతే పొద్దునా సాయంత్రం గట్టెక్కి మీసం సవరించుకోవడం మొదలెట్టారు.

అసలు తంటా కోత రోజున వచ్చింది. మా ఇంట్లో ఏ పంటైనా తొలి మోపు ఆవుకు పెట్టందే కొడవలి ముందుకు కదలదు. అందరికంటే ముందు బావగారే ఓ మోపు కోసి, పసుపు కుంకుమ చల్లి, నెత్తిన పెట్టుకుని ఇంటికి బయల్దేరారు. సీసం మాట ఆ సంబరంలో కొట్టుకుపోయింది. అక్క దారికి అడ్డం నిలబడింది.

"అది కింద పెట్టండి. ఆవు తింటే పాలల్లోకి వస్తుంది. ఆ పాలు మన పిల్లలే తాగేది."

"ఒక్క మోపుకేం కాదులే. ఆనవాయితీ తప్పితే పంట అచ్చిరాదు."

"రాకపోతే నా ఖర్మ. ఆవుకి మాత్రం పెట్టనివ్వను."

బావగారు మోపు అక్కడే పడేసి ఇంటికెళ్ళిపోయారు. కోతకొచ్చిన ఆడవాళ్ళు గట్టు మీదే కూలబడ్డారు. ఆవుకు పెట్టకుండా కోస్తే ఆ పాపం తమకు చుట్టుకుంటుందని వాళ్ళ భయం. పాపమైతే తనకే చుట్టుకోనీ అని అక్క కొంగు దోపి కోత మొదలెట్టింది. నాకు ఒళ్ళు మండి నేనూ దిగాను. కాసేపటికి వాళ్ళలో పెద్దది జయమణి లేచింది. ఆమె వెనకే మిగతావాళ్ళూ లేచారు.

ఎండిన గడ్డి లారీకెక్కిన రోజు బావగారు ఎవరూ పిలవకుండానే వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. ప్లాంటులో తేమ చూసే మిషన్ గడ్డిలో గుచ్చారు. తేమ ఎక్కువుంటే లోడు వెనక్కే, చేను తిరుపతిరావుకే. బాగా ఎండింది, దించుకోండన్నాడు అక్కడి సూపర్‌వైజరు. నేను అక్కను పట్టుకుని ఏడ్చేశాను.

ఆవిడ మాత్రం లారీలోంచి ఓ చిన్న మోపు దింపింది. ఆనాడు బావగారు పడేసినదే. దాన్నీ విడిగా ఎండబెట్టి తెచ్చిందని అప్పుడే తెలిసింది. ఆయన చేతుల్లో పెట్టింది.

"ఈ పంట తినేది నిప్పండి. తొలి మోపు దానికే పెట్టండి."

బాయిలర్ నోట్లో వేయగానే మంట భగ్గుమని లేచింది. బావగారు చేతులు జోడించారు. బయటికొచ్చి తిరుపతిరావుకి ఫోన్ చేసి, చేను అమ్మేది లేదు, రాళ్ళు ఇంకెక్కడైనా పోసుకోమన్నారు.

తిరుగుదారిలో అక్క జగ్గయ్యపేటలో లారీ ఆపించి, గడ్డి మీద వచ్చిన డబ్బుతో తెలగపిండి బస్తా కొంది. ఇంటికి రాగానే బావగారు దాన్ని నానబెట్టి ఆవు ముందు పెట్టారు. అది తలెత్తకుండా తింది.

"తొలి పంట ఆవుకి పెట్టేశారుగా. ఆనవాయితీ తప్పలేదు" అంది అక్క.

బావగారు ఆవు మెడ నిమురుతూ నవ్వారు. "నువ్వుండగా ఎట్టా తప్పుద్దే."