ఇప్పుడు బొమ్మ వచ్చిందా?

టీవీ వెనక మూత స్క్రూలు నాలుగూ విప్పి జేబులో వేసుకున్నాడు విశ్వాసం. ఈ వారంలో ఇది మూడోసారి. పొద్దున్నే మోకాళ్ళ మీద ప్రభువుని అడిగి తెచ్చుకున్న సహనం, తాడేపల్లిగూడెం నుంచి ఉంగుటూరు వచ్చే బస్సులోనే అయిపోయింది.

"దుమ్ము కూడా లేదండీ, టీచరుగారూ."

"దుమ్ము సంగతి ఎవరడిగారయ్యా? సీరియల్లో ఆ పిల్ల ఏడుపు చూడు. అప్పట్లో గుండె పిండేసేది. ఇప్పుడు పడిశం పట్టి ముక్కు చీదుతున్నట్టుంది. స్పీకరు పోయింది."

"మొన్ననే మార్చానండీ."

"అయితే పిక్చర్ ట్యూబు."

కనకరత్నం టీచరు రిటైరై పదహారేళ్ళు. పేము కుర్చీలో, ఉబ్బిన కాళ్ళు పీట మీద పెట్టుకుని కూర్చుంది. ఆవిడ రిటైరైన ఏడాదే ప్రతి శుక్రవారం సాయంత్రం ఆ సీరియల్ వచ్చేది. అవార్డులు వచ్చాయి. చూడనివాడు మనిషే కాడన్నారు. ఇప్పుడు డిస్కుల మీద దొరుకుతోందని మేనకోడలు ఇందుజ ఏలూరులో కొని పంపింది. పదకొండు డిస్కులు చూసి, పదకొండింటికీ టీవీనే తిట్టింది టీచరు. పన్నెండోది అట్టపెట్టెలోనే ఉంది.

"టీవీ బాగానే ఉందండీ. ఆ నాటకమే అలా ఉందేమో!" అనేశాడు విశ్వాసం, విసుగు ఆపుకోలేక.

వంటింటి గుమ్మంలో వంటమనిషి మణెమ్మ నాలుక కరుచుకుంది.

టీచరు అట్టపెట్టె వైపు చూసింది. "వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా మా ఆయన సత్తిరాజుగారు కంట తడి పెట్టలేదు. దీని ఆఖరి భాగానికి కండువా తడిపేశారు. నాటకం ఇంతేనంటే, మరి ఆయన దేనికి ఏడ్చినట్టు? ఆయన్ని అడుగుదామంటే లేరాయె. టీవీ బాగయ్యేదాకా నేను ఆ డిస్కు పెట్టను."

జిల్లాలో సగం ఇళ్ళకు యాంటెనాలు కట్టి ఆ సీరియల్ చూపించిన విశ్వాసం, తను మాత్రం ఒక్క భాగమైనా చూడలేదు. శుక్రవారాలన్నీ డాబాల మీదే. ఆ ఆఖరి భాగం నాడూ గాలికి తిరిగిపోతున్న యాంటెనా గొట్టాన్ని ఈ డాబా మీదే పట్టుకు నిలబడ్డాడు.

"యాంటెనా వైరు పీకేసి డిస్కుపెట్టె వైరు పెట్టావు. అదీ లోపం" అంది టీచరు.

"డిస్కుకి యాంటెనాతో పని లేదండీ."

"ముప్ఫై ఏళ్ళు సైన్సు చెప్పాను. నాకు చెప్పకు. పైకెళ్ళి పట్టుకో."

'ప్రభువా, ఈవిడకి బుద్ధి ఇస్తావా, నాకు ఓర్పు ఇస్తావా?' అనుకుంటూ మెట్లెక్కాడు. మేడ మీద ఎండకు అరికాళ్ళు చుర్రుమన్నాయి. యాంటెనా పుల్లలు రెండు ఎప్పుడో రాలిపోయాయి. తుప్పు పట్టిన గొట్టాన్ని పట్టుకుని, వైరు దేనికీ తగిలించకుండానే, కింది కిటికీలోకి కేకేశాడు.

"వచ్చిందాండీ?"

"ఏదీ! అన్నీ చుక్కలే. విజయవాడ వైపు కాదు, కాస్త కొల్లేరు వైపు తిప్పు."

డిస్కులో చుక్కలేమిటని పళ్ళు కొరుక్కుని, తిప్పాడు.

"ఇప్పుడో?"

"ఆఁ! వచ్చింది, వచ్చింది! ఇక కదపకు. మణెమ్మా, ఆ పన్నెండోది పెట్టు."

కదపలేదు. కిటికీలోంచి మాటలు వస్తున్నాయి. ఆ పిల్ల ఏడుస్తోంది. గదిలో విన్నప్పుడు ముక్కు చీదినట్టున్న ఏడుపే ఇక్కడికి వచ్చేసరికి నిజం ఏడుపైపోయింది. ఆ రోజూ ఇలాగే వినిపించింది. మరి లోపం ఎక్కడున్నట్టు? అరచేతులు కాలుతున్నా వదలలేదు.

సంగీతం వచ్చింది. ఆగిపోయింది.

"దిగి రమ్మంటారాండీ?"

జవాబు లేదు. 'మనిషి పైనున్నాడన్న మాటే మరిచిపోయింది' అని గొణుక్కున్నాడు. దిగితే మళ్ళీ తగువని మరికాసేపు నిలబడ్డాడు.

"విశ్వాసంగారూ, ఒక్కసారి కిందికి రండి" అంది మణెమ్మ, మెట్ల కింద నుంచి. అంత చిన్న గొంతుతో ఆవిడ ఎప్పుడూ పిలవలేదు.

టీచరు తల పేము కుర్చీ వీపుకు ఆనుకుని ఉంది. పెట్టిన పీట మీదే ఉన్నాయి కాళ్ళు. విశ్వాసం ఆవిడ ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. తర్వాత టీవీ ఆపాడు. ఆవిడ గుప్పెట్లోని కొంగు ఇంకా తడిగానే ఉంది.

ఇందుజకు ఫోను చేసి, ఆమె వచ్చేదాకా గుమ్మంలో కూర్చుని, పొద్దువాలాక బస్సుకు బయలుదేరాడు. వీధి మలుపులో ఒకసారి తలెత్తి చూశాడు. డాబా మీద యాంటెనా, ఏనాడూ ఏ బొమ్మా రాని కొల్లేరు వైపుకు, తను తిప్పినట్టే తిరిగి ఉంది.