ఎడమ డొక్కలో బలం

గంగయ్య ఎడమ డొక్కలో అరచెయ్యంత గట్టి గడ్డ ఒకటుంది. అది ఇరవయ్యేళ్లు తీసిన దండీలు, బస్కీల ఫలమని అతని నమ్మకం. గుద్దులు తినేకొద్దీ కడుపు రాయవుతుందని సాముగరిడీ గురువు మంగరాజుగారు చెప్పనే చెప్పారాయె. ఏటా దసరానాడు శిష్యులు వరసగా వచ్చి గంగయ్య పొట్టమీద గుద్దడం, అతను నవ్వుతూ నిలబడడం ఆ గరిడీ ఆచారం. ఈసారి కూడా అలా నిలబడితే గరిడీ అతనికే అప్పగిస్తానని గురువుగారు మాటిచ్చారు. దసరా రేపే.

సరిగ్గా ఇప్పుడే కాలవ తవ్వకానికి కూలీలను ఎంచాలని కాలవ దొరగారి దగ్గర కట్లు కట్టి మందులిచ్చే డ్రెస్సరు త్రిమూర్తులు ఊళ్లో దిగాడు. చూస్తే చీపురుపుల్లలా ఉన్నాడు. గంగయ్య తొడ చరిచి మొదట నిలబడ్డాడు. డ్రెస్సరు అతని కండల వంక కన్నెత్తి చూడలేదు. పడుకోబెట్టి ఎడమ డొక్క నొక్కాడు. అసలు బలం వీడికి దొరికిందిరా అని గంగయ్య మురిసిపోయాడు.

"ఇది కండ కాదు గంగయ్యా, బల్ల. అంటే ప్లీహం. చలిజ్వరాలకి లోపల వాచింది. గట్టి దెబ్బ తగిలితే పగిలి చస్తావు."

గంగయ్య మందులపెట్టెను అమాంతం నెత్తికెత్తి దింపాడు. "జబ్బుమనిషి ఎత్తగలడాండీ?"

"ఎత్తగలడు," అని త్రిమూర్తులు తరవాతివాణ్ణి పిలిచాడు.

గంగయ్యకు బుర్ర తిరిగిపోయింది. వానలు వెనకబట్టగానే ఏటా చలిజ్వరం వచ్చే మాట నిజమే. వచ్చి పోయినప్పుడల్లా గడ్డ పెరిగిన మాటా నిజమే. మరి జబ్బుంటే పెట్టె ఎలా లేచింది? తిన్నగా గురువుగారి దగ్గరికెళ్లి అడిగాడు. ఆయన పకపకా నవ్వి, తన డొక్క నొక్కి చూడమన్నారు. ఆయనకి ఇంకా పెద్దది. డెబ్బయ్యేళ్ల మనిషి, ఇంకా గద తిప్పుతున్నారు. గంగయ్యకు ప్రాణం లేచొచ్చింది.

ఇంటికొస్తే పెళ్లాం కాంతం బొంత కప్పుకుని వణికిపోతోంది. పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పి, డ్రెస్సరును నాలుగు తిట్టాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని తన ఎడమ డొక్కమీద పెట్టుకుంది. అదే గడ్డ. అంతే గట్టి.

"నేనెప్పుడు దండీలు తీసేను మావా?"

గరిడీలో అప్పుడే డప్పు మొదలైంది. గంగయ్య లేవలేదు. చెయ్యి తియ్యబుద్ధి కాలేదు. నొక్కడానికి మాత్రం భయమేసింది.