ట్రాంకే పడ్డాక

చెరుకు కొడుతుంటే ఫనోర్ కుడిచేతి వేళ్ళు తెగిపోయాయి. చేతి కట్టు విప్పకముందే మేస్త్రీ అతని గది తెరిపించి చాపా, కుండా, పిల్లదాని గౌనూ బురదలోకి విసిరేయించాడు. "చెరుకు కొట్టలేనివాడికి కంపెనీ గదెందుకు?" అన్నాడు. మేమంతా కళ్ళారా చూశాం. హైతీ నుంచి వలసొచ్చినవాడి గొడవ మనకెందుకని మా దొమినికన్లలో కొందరు మొహం తిప్పుకున్న మాట కూడా నిజమే. కానీ కూలీలకు వండిపెట్టే ఎర్సిలియా పొయ్యి ఆర్పేసి వచ్చి చెరుకు రైలు పట్టాల మీద కూర్చుంది.

"రేపు మీ వేళ్ళు తెగితే ఎక్కడ పడుకుంటార్రా?" అంది.

అందరం కత్తులు కింద పెట్టాం.

ఫనోర్ గది ఫనోర్‌కి ఇవ్వాలి. మేం అడిగింది అంతే. దానికి మీటింగుల మీద మీటింగులు. మేనేజరు ఉలకడు, పలకడు. ప్రభుత్వ అధికారి కాఫీ తాగుతాడు. మా నాయకుడు మిల్సియాదెస్ గొంతు పోయేదాకా మాట్లాడి ఉత్తచేతులతో వస్తాడు. విసిగి చచ్చాం. చివరికి ఆ అధికారి టోపీ పెట్టుకుని, "ఇది ట్రాంకే. ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు. పనిలోకి పొండి" అన్నాడట.

మిల్సియాదెస్ వచ్చి ఆ మాట చెప్పగానే కొందరు లేచి దుమ్ము దులుపుకున్నారు. నాకు ఒళ్ళు మండింది.

"కూర్చోండెహే," అంది ఎర్సిలియా. "ఆదివారం డామినోలాటలో ట్రాంకే పడితే ఇలాగే లేచిపోతారా?"

"ఎందుకు లేస్తాం? బిళ్ళ వేసే దారి ఎవడికీ లేకపోతే చేతిలోవి తిరగేసి చుక్కలు లెక్కపెడతాం," అన్నాడొకడు.

"ఆట ఎవడిది?"

"చేతిలో తక్కువున్నోడిది."

"మరి తిరగేయండి."

ముందు నవ్వులాటగానే మొదలైంది.

"కొట్లో మనకి అరువు మూసేశారు."

"మా ఇంట్లో అరటికాయలున్నాయి."

"అబ్బో, షావుకారువిరా నువ్వు."

తర్వాత కంపెనీ చేతిలోవి లెక్కపెట్టాం. కొట్టిన చెరుకు వ్యాగన్ల నిండా ఎండలో పడి ఉంది. ఇంకాస్త ఆగితే పులుస్తుంది. మిల్లు ఆగింది. రేవులో ఓడ పంచదార కోసం కాచుకుని ఉంది. మాకంటే తక్కువున్నవాడు ఈ దీవిలోనే లేడు. ఆట మాదేనని తేలాక ఎవరూ కదల్లేదు.

కదిలింది ఒక్క ఫనోరే. చెరుకు వాసన మారేసరికి ఆగలేకపోయాడు. కొట్టిన చెరుకు పాడైతే పాపమని పెరిగినవాడు. ఎడమచేత్తో వ్యాగన్‌ని మిల్లువైపు నెట్టసాగాడు.

"నీకోసం మేం పస్తులుంటే నువ్వు చేసే పని ఇదా?" అని అరిచాం. మిల్సియాదెస్ పరుగెత్తి అతన్ని పట్టుకుని వెనక్కి లాగాడు. కంపెనీ గార్డులకి కావలసింది అదే. పని అడ్డుకున్నాడని మిల్సియాదెస్‌కి బేడీలు వేసి తీసుకుపోయారు. ఫనోర్ తల బాదుకున్నాడు. ఆ పూట అతన్ని ఓదార్చడానికి కూడా నాకు మనసు రాలేదు.

తెల్లారి మేనేజరే మా దగ్గరికి దిగివచ్చాడు. కాలవ దాకా పులిసిన కంపు కొడుతోంది.

"ఫనోర్, నీ గది తెరిపించాను. వెళ్ళు. మిగతావాళ్ళు లేవండి. అడిగింది ఇచ్చాంగా."

ఫనోర్ భార్య పిల్లని ఎత్తుకుని అతని మొహంలోకి చూసింది. అతను మేనేజరు వైపు తిరిగాడు.

"మనిషిని పట్టుకుపోయి గది ఇస్తారా దొరా?" అన్నాడు. "మిల్సియాదెస్‌ని తీసుకురండి. అప్పుడు లేస్తాం."

వచ్చి మా మధ్య పట్టాల మీద కూర్చున్నాడు. ఎర్సిలియా కాస్త జరిగి అతని భార్యకీ చోటిచ్చింది.